లైటు వేశాక ఎత్తని చెత్త

మా టీచరుగారు పోయిన నాలుగో రోజున వాళ్ళ తమ్ముడుగారు ఏలూరు నుంచి ఫోన్ చేశారు. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం, మీ క్లాసు వాళ్ళంతా రావాలి అని చెప్పారు. చెప్పి పెట్టెయ్యలేదు. ఇంకొకటి అడిగారు.

"అక్క గొంతు మీ దగ్గర ఉంటుంది కదండీ. మూడేళ్ళు కంప్యూటర్లో రికార్డు చేసిందిగా. ఒక్క రెండు నిమిషాలు వినిపించమని మా అమ్మ అడుగుతోందండీ. మాకెవరికీ తట్టలేదు, ఫోన్లో కూడా పట్టుకోలేదు."

"లేదండీ" అన్నాను.

"ఒక్కటీ లేదాండీ?"

"లేదండీ."

ఎందుకు లేదో ఆయనకి చెప్పలేదు. ఆవిడ గొంతు మూడేళ్ళది మా దగ్గర ఉండేది. ఈ వేళ్ళతో నేనే తీసేశాను. పక్కన కూర్చుని ఆవిడే తీయించారు.

మాది ఉంగుటూరు దగ్గర కాలవ పక్క పల్లె. మా ఆడవాళ్ళలో సగం మందిమి రొయ్యల షెడ్డుకి పోతాం. తెల్లవారుజామున వ్యాను వచ్చి ఆకివీడు వైపు తీసుకుపోతుంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తాం. పొద్దు వాలేసరికి దింపుతారు. ఆవిడ ఏలూరులో ఒక బడిలో లెక్కలు చెప్పి, అక్కడి కంప్యూటర్ల గది కూడా చూసుకుని రిటైరైన మనిషి. మా చర్చి వెనక గదిలో వారానికి రెండు సాయంత్రాలు మాకు అక్షరాలు చెప్పడానికి బస్సులో ఉంగుటూరు దిగి, షేర్ ఆటో ఎక్కి వచ్చేవారు. నాకప్పటికి యాభై దాటాయి. బస్సు ముందు బోర్డు చూసి, ఎవరినీ అడక్కుండా ఎక్కాలన్నది ఒక్కటే నా కోరిక.

మొదటి రోజునే మా తోటికోడలు నవ్వింది. ఎందుకంటే ఆవిడ మమ్మల్నెవరినీ పేరు పెట్టి పిలవలేదు. అందరినీ "ఏవండీ" అన్నారు.

"మా ఆయన్ని నేను పిలిచినట్టు పిలుస్తారేంటండీ టీచరుగారూ" అంది మా తోటికోడలు.

"మీ ఆయన పలుకుతారా మరి?"

"పలకరండీ."

"మీరు పలకండి చాలు."

చేతి గడియారం ముఖం మణికట్టు లోపలి వైపు పెట్టుకునేవారు. టైం చూస్తే ఎదుటివాళ్ళకి తెలిసిపోతుందని, తెలిస్తే చదివేవాళ్ళు కంగారు పడతారని. పలక మీద ఎవరైనా ఉమ్మి చేత్తో తుడవబోతే ఒప్పుకునేవారు కాదు. తడిగుడ్డ తెచ్చి ఇచ్చేవారు. అసలు తుడవడమే ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. నోటుబుక్కులో తప్పు రాస్తే కొట్టెయ్యొద్దు, పక్కన ఒప్పు రాయండి, తప్పు కూడా ఉండనివ్వండి అనేవారు. టీ ఇస్తే ఎప్పుడూ సగం గ్లాసే తాగేవారు. అలవాటేమో అనుకున్నాం. కిడ్నీల కోసం నీళ్ళు కూడా కొలుచుకుని తాగమన్నారని మాకు చాలా రోజులకి తెలిసింది.

చదివేటప్పుడు తప్పు పోతే, తప్పు అనేవారు కాదు. మధ్యవేలు మడిచి, కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు. గట్టిగా కాదు. తలుపు అవతల మనిషి నిద్రపోతున్నారేమో అని కొట్టినట్టు. అది వినగానే మేం వెనక్కి వెళ్ళి ఆ మాట మళ్ళీ చదవాలి. అప్పుడే ఒకటి చెప్పేవారు, ఎప్పుడూ అదే: "ఊహించకండి. చదవండి."

మేం ఊహించేవాళ్ళం మరి. మాకు తెలిసిన సంగతులే పాఠాలుగా రాసి తెచ్చేవారు, అందుకని. ఒకసారి "షెడ్డు వ్యాను ఐదింటికి వస్తుంది" అని రాశారు. మా తోటికోడలు లేచి, ఒక్క ఊపున "షెడ్డు వ్యాను నాలుగింటికి వస్తుంది" అని చదివింది. బల్ల మీద రెండు దెబ్బలు పడ్డాయి. మా తోటికోడలు మళ్ళీ నాలుగింటికే అంది. మళ్ళీ రెండు దెబ్బలు.

"నాలుగింటికే వస్తుందండీ వ్యాను. మీరే తప్పు రాశారు. ఐదింటిదాకా ఆగితే ఇంక మమ్మల్ని ఎవరు ఎక్కించుకుంటారండీ?"

"ఇక్కడ ఏముందండీ?"

"ఇక్కడ ఏముంటే ఏంటండీ, నేను రోజూ ఎక్కుతుంటే."

"రోజూ ఎక్కేది మీకు తెలుసు. ఇక్కడున్నది మీకు తెలీదు. అది చదవడానికే కదా వచ్చారు."

మా తోటికోడలు చాలాసేపు కాగితం వంక చూసి, ఎవరి మీదో కోపంగా, "ఐదింటికి" అంది. ఆ నెలంతా మేం మా తోటికోడల్ని ఐదింటి వ్యాను అని ఏడిపించాం.

కంప్యూటరు సంగతి చెప్పాలి. ఆవిడ పనిచేసిన బడిలో పక్కన పడేసిన పాత మిషను ఒకటి అడిగి తెచ్చి మా గదిలో పెట్టారు. అందులో విండోస్ బదులు లైనక్సు వేశారు. పాత మిషనుకి అదే తేలిక అన్నారు. వారానికొకసారి మేం చదివినది అందులో రికార్డు చేసేవారు. ఫలానా ఆవిడ, ఫలానా పాఠం. ఆవిడ అందించిన మాటలు, "ఊహించకండి" లు అన్నీ అందులో పడేవి కదా. తర్వాత కూర్చుని, తన మాటలన్నీ, మధ్యలో మా వాదనలు కూడా ఏరి కత్తిరించి, ఆ చోట్లు ఖాళీగా వదిలేసి, మా గొంతులు మాత్రమే మిగిల్చి దాచేవారు. తన గొంతు ఉన్న మొదటి దాన్ని చెత్తబుట్టలో వేసేసేవారు.

"మీవి ఎందుకండీ తీసెయ్యడం?" అని ఒకసారి అడిగాను.

"రేపు మీ మనవలు వింటే మా నాయనమ్మ చదివింది అనుకోవాలండీ. ఎవరో చదివించారు అనుకోకూడదు."

మా తోటికోడలు తన గొంతు మొదటిసారి విని, "గేదె అరిచినట్టుందండీ" అంది.

"గేదె చదవదండీ" అన్నారు ఆవిడ.

గది తాళం నా దగ్గర ఉండేది. మిషను ఆపడం, గుడ్డ కప్పడం నా పని. ఇంకో పని కూడా చెప్పారు. క్లాసు అయ్యాక ఆ చెత్తబుట్ట బొమ్మ మీద నొక్కి ఖాళీ చెయ్యండి, లేకపోతే అన్నీ అందులోనే ఉండి చోటు తింటాయి. ఎలా నొక్కాలో చూపించారు. నేను తల ఊపాను. ఊపాను గానీ చెయ్యలేదు.

మూడో ఏడు ఆవిడ రావడం తగ్గింది. వారానికి రెండుసార్లు ఏలూరులో డయాలసిస్. షుగరు కళ్ళకి ఎక్కింది. ముందు మా నోటుబుక్కులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారు, తర్వాత చూడ్డం మానేసి, మమ్మల్నే చదవమని వినేవారు. అప్పటికి నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్పారు. పెద్దవి, చిన్నవి. మాటలు రావు. అక్షరాలు వచ్చు.

అలాంటప్పుడు మిషను తెరుచుకోవడం మానేసింది. రహస్య పదం కొడితే స్క్రీను ఒకసారి నల్లబడేది, తలుపు తీసినట్టే తీసి, మళ్ళీ అదే అడిగేది. పదిసార్లు కొట్టినా అంతే. ఇరవై మంది ఆడవాళ్ళ మూడేళ్ళ చదువు అందులో ఉంది. అప్పటికే మాలో ఇద్దరు పోయారు, వాళ్ళ పిల్లలు చర్చికి వచ్చినప్పుడల్లా అమ్మది వినిపించమని అడిగేవారు.

నేనూ మా తోటికోడలూ ఆ డబ్బాని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తాడేపల్లిగూడెం తీసుకెళ్ళాం. కొట్టులో ఆయన చూసి, "ఇది లైనక్సండీ, దీంతో మాకు అలవాటు లేదు. ఫార్మాట్ చేసి విండోస్ వేసిస్తాను, శుభ్రంగా తెరుచుకుంటుంది" అన్నారు. "లోపల ఉన్నవండీ?" అంటే, "లోపల ఉన్నవి పోతాయండీ. కావాలంటే ఇంకెక్కడైనా చూపించుకోండి" అన్నారు. ఆయన మంచిగానే చెప్పారు. మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని వచ్చేశాం. దారి పొడుగునా మా తోటికోడలు దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఆవిడకి ఫోన్ చేశాను. స్క్రీను ఎలా నల్లబడుతుందో రెండుసార్లు చెప్పించుకుని, "చోటు నిండిపోయినట్టుంది. ఆదివారం వస్తాను. ఈలోపు ఎవరినీ ముట్టుకోనివ్వకండి" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక తమ్ముడుగారు ఆవిడని ఆటోలో తీసుకొచ్చి దింపి, ఎవరినో చూడాలని వెళ్ళారు. టీచరుగారి మొహం ఉబ్బింది. చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాను. గదిలోకి రాగానే బల్ల తడిమి, కుర్చీ తడిమి, నన్ను మిషను ముందు కూర్చోమన్నారు.

"నేనాండీ?"

"నాకు వెలుగు కనబడుతోంది గానీ అక్షరం కనబడట్లేదండీ. మీరు చదవండి, నేను చెప్తాను, మీరు కొట్టండి. మాట చెప్పొద్దు. అక్షరం అక్షరం చెప్పండి. ఊహించొద్దు. ఇక్కడ ఊహించి కొడితే మొత్తం పోతుంది."

ఒక మీట నొక్కి పట్టుకుని మిషను వేయించారు. నల్ల స్క్రీను మీద తెల్ల వరసలు వచ్చాయి. రెండో వరస చదివాను, కిందకి జరగమన్నారు. బాగుచేసే దారి అని ఒకటి ఉంటుందట, ఆర్ తో మొదలవుతుంది. దొరికింది. లోపలికి వెళ్ళాం. బొమ్మల్లేవు. నల్లటి దాని మీద ఒక గీత ఆగి ఆగి మెరుస్తోంది.

"అంతా నిండిపోతే మనల్ని మాత్రం ఎలా రానిచ్చిందండీ?" అన్నాను.

"ఎంత నిండినా, బాగుచేసేవాళ్ళ కోసం ఒక మూల కాస్త చోటు అట్టేపెడుతుందండీ ఇది. మనుషులు అట్టేపెట్టరు." అని నవ్వారు. "ఇప్పుడిది చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. ముందు రాయనివ్వమని అడగాలి. ఎం కొట్టండి. ఓ. యు..."

ఒక్కో అక్షరం ఆవిడ చెప్పడం, నేను మీట వెతుక్కోవడం, కొట్టి, కొట్టినది మళ్ళీ పైకి చదవడం. అడ్డగీత, వాలుగీత, మాటకీ మాటకీ మధ్య ఎడం. ఒకచోట ఎన్ బదులు ఎం చదివాను. బల్ల మీద రెండు దెబ్బలు. స్క్రీను కనబడకుండానే తప్పని ఆవిడకి ఎలా తెలిసిందో. అక్కడ ఏముండాలో ఆవిడకి అంతా లోపలే ఉంది.

చోటు ఎంతుందో అడిగించారు. "ఒకటి, సున్నా, సున్నా, ఆ తర్వాత శాతం గుర్తండీ" అన్నాను. మిషను తనకు తాను రాసుకునే చిట్టాలు పాతవి తీయించారు. దింపుకుని వాడేసినవి తీయించారు. తొంభై తొమ్మిది అయింది. అది చాలదన్నారు. ఎక్కడ ఎక్కువ ఉందో ఒక్కో అర వెతికించారు. ఒకచోట పెద్ద అంకె వచ్చింది. ఆ అర పేరు చదివాను. ముందు ఒక చుక్క. ఆ లోపల ఇంకోటి, ఆ లోపల ఇంకోటి. ఆఖరికి టీ, ఆర్, ఏ, ఎస్, హెచ్.

ఆవిడ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

"చెత్తబుట్టండీ ఇది. మీరు ఖాళీ చేస్తున్నారు కదా?"

నేను మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏవండీ?"

"చెయ్యలేదండీ."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీనండీ." ఇంక దాచలేక చెప్పేశాను. "క్లాసు అయ్యేసరికి లైట్లు వేసేస్తాం కదండీ. లైటు వేశాక చెత్త ఎత్తి పోస్తే ఇంటికి మంచిది కాదండీ. పొద్దున్నే చేద్దామంటే షెడ్డుకి పోవాలండీ. ఉన్న ఒక్క మంచి మిషను, దాని లక్ష్మి నేనెందుకు పోగొట్టాలని..."

ఆవిడ తల వంచుకున్నారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అని భయపడ్డాను. నవ్వుతున్నారు. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, కళ్ళు తుడుచుకున్నారు.

"చర్చి గదిలో కూడా లక్ష్మి ఉంటుందాండీ?"

"చర్చయినా చెత్త చెత్తే కదండీ."

"మూడేళ్ళు. వారం వారం నేను పారేసింది మీరు వారం వారం దాచారన్నమాట." అని, నవ్వు ఆపి, "చదవండి, లోపల ఏమున్నాయో" అన్నారు.

వరసలు వరసలుగా వచ్చాయి. అన్నీ మా పేర్లే, పాఠం అంకెలే. ఒక్కో పేరు చివర ఇంకో మూడక్షరాలు ఉన్నాయి. అవేంటని అడిగాను. కత్తిరించక ముందువి అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ పారేశాననుకున్న తన గొంతు మొత్తం అక్కడుంది. నా మూఢనమ్మకం వల్ల ఉంది. ఆ వెంటనే రెండోది కూడా అర్థమైంది. మిషను తెరుచుకోవాలంటే పోవలసింది అదే.

"టీచరుగారూ, ఇవి మీవండీ. మీ గొంతండీ."

"అవునండీ. తీసెయ్యండి."

"ఒకటి ఉంచుకుంటానండీ."

"ఎందుకండీ?"

ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఉబ్బిన ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను? "ఊరికేనండీ" అన్నాను.

"నేనింకా ఉన్నానుగా. ఏదైనా కావాలంటే పిలవండి. వచ్చి చెప్తాను." అని, మెల్లగా అన్నారు. "ఏవండీ, అవి పాఠాలు కాదు. మీరు తప్పు చదువుతుంటే నేను వెంటపడటం. అది వినడానికి బాగోదు. మీవి ఉండాలి. పోయిన ఆ ఇద్దరివీ ఉండాలి. ఆర్ కొట్టండి. ఎం. ఎడం వదలండి."

కొట్టాను. అడ్డగీత. ఆ పెద్ద దారంతా, చుక్కతో సహా. చివర నక్షత్రం గుర్తు. నక్షత్రం అంటే అన్నీ అని. ఒకటి పక్కన పెట్టి మిగతావి తీయమనడానికి కూడా మాటలు ఉండే ఉంటాయి. అవి ఆవిడకి వచ్చు. నాకు అక్షరాలే వచ్చు.

"మొత్తం చదవండి."

చదివాను. ఒక్క తప్పు లేదు.

"ఇక్కడ తీసేస్తే బుట్టలోకి కూడా పోదండీ. పోతే పోయినట్టే. కొట్టండి."

నా వేలు ఆ పెద్ద మీట మీద ఉంది. ఆవిడకి కనబడదు. కొట్టకుండా కొట్టానని చెప్పొచ్చు. చెప్తే మిషను తెరుచుకోదు, తాడేపల్లిగూడెం కొట్టే దిక్కు, అందరివీ పోతాయి. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలీదు. బయట కాలవ గట్టు మీద చేపల లారీ ఏదో వెళ్ళింది. గది కాస్త అదిరింది.

ఆవిడ కసరలేదు. వేలు మడిచి బల్ల మీద రెండుసార్లు కొట్టారు.

కొట్టేశాను.

"ఏం వచ్చింది?"

"ఏం రాలేదండీ. గీత మెరుస్తోంది."

"ఏం రాకపోతే అయిపోయినట్టు."

మళ్ళీ చోటు అడిగించారు. అరవై ఒకటి. మిషను ఆపి వేశాం. రహస్య పదం కొట్టాను. ఈసారి తెరుచుకుంది. మా బొమ్మలన్నీ వచ్చాయి. మూలన చెత్తబుట్ట మూత పెట్టుకుని ఖాళీగా ఉంది. తెరుచుకుందండీ అని చెప్పాను. మా తోటికోడలు టీ తెస్తే ఆవిడ సగం గ్లాసు తాగి, మిగతాది పక్కన పెట్టి, మణికట్టు తిప్పి గడియారం చూడబోయి, ఊరుకున్నారు. "టైం ఎంతయిందండీ?" అని నన్నడిగారు.

మళ్ళీ రాలేదు. రెండు నెలలకి పోయారు.

తమ్ముడుగారి ఫోను వచ్చాక ఆ వారమంతా షెడ్డు నుంచి రాగానే గది తీసి కూర్చున్నాను. ఎక్కడైనా ఒక ముక్క మిగిలి ఉంటుందేమో, కత్తిరింపులో ఎక్కడో ఒక ఊపిరి అయినా తప్పించుకుని ఉంటుందేమో అని ఒక్కోటీ విన్నాను. ఆవిడ పనిలో లోపం ఉండదు కదా. మేం చదువుతాం. ఆగుతాం. మళ్ళీ చదువుతాం. ఆగిన చోటల్లా అందించింది ఆవిడే, అక్కడ ఏమీ లేదు. ఇరవై మంది ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే చదువుకున్నట్టుంది. ఆవిడ కోరుకున్నట్టే ఉంది. శుక్రవారం దాకా విని, ఒకటి మాత్రం పెన్ డ్రైవులో వేయించుకున్నాను. ఎందుకు అదే వేయించుకున్నానో మా తోటికోడలికి కూడా చెప్పలేదు.

కూడికలో పాటలయ్యాయి, పాస్టరుగారి మాటలయ్యాయి. తమ్ముడుగారు మైకులో, మా అక్క దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకటి వినిపిస్తారు అన్నారు. ముందు వరసలో వాళ్ళమ్మగారు. ఎనభై దాటిన మనిషి, తెల్ల చీర కొంగు తల మీదుగా కప్పుకుని, వినబడని చెవి పక్కకి తిప్పి, వినబడే చెవి స్పీకరు వైపు పెట్టుకుని కూర్చున్నారు.

స్పీకరులోంచి మా తోటికోడలి గొంతు వచ్చింది. ఒక్క ఊపున.

"షెడ్డు వ్యాను నాలుగింటికి వస్తుంది."

అమ్మగారు కొడుకు చెయ్యి లాగారు. చెవుడు ఉన్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, హాలంతా వినబడేలా అడిగారు. "ఇదెవరిదిరా? మన అమ్మాయేదీ?"

టీచరుగారు తన మాటల్ని కత్తిరించగలిగారు గానీ, ఆ చప్పుడు మా తోటికోడలి మాట చివరి అక్షరం మీదే పడింది. అది తీస్తే మా మాట తెగుతుంది. అందుకని వదిలేశారు.

స్పీకరులో, బల్ల మీద, వేలి కణుపుతో. టక్. టక్.

అమ్మగారు కొడుకు చెయ్యి వదిలి, స్పీకరు వైపు ఇంకాస్త వంగారు. స్పీకరులో ఏమీ లేని ఆ కాసేపు ఎవరూ కదల్లేదు. నా పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్న మా తోటికోడలు, రికార్డు కంటే ముందే, మెల్లగా, "ఐదింటికి" అంది.